తాడుతో వెన్ను వంకర సరిచేయడం: తల్లిదండ్రుల మూడు ఉత్తరాలు

ఎదిగే వయసు పిల్లల్లో వెన్నెముక పక్కకు వంగే పార్శ్వగూని గురించి, ముఖ్యంగా వెన్నుపూసలను కలపకుండా చేసే టెథరింగ్ శస్త్రచికిత్స గురించి ఈసారి మూడు ఉత్తరాలు వచ్చాయి. మూడింటి వెనకా ఉన్నది ఒకే ఆందోళన కనుక ఈ సంచికలో వాటికే చోటు కేటాయిస్తున్నాను.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా అమ్మాయికి 12 ఏళ్ల 4 నెలలు. ఆరో ఏట నుంచి కూచిపూడి నేర్చుకుంటోంది. కిందటేడు దసరా ముందు, పిల్ల ముందుకు వంగినప్పుడు వీపు కుడివైపు ఎత్తుగా లేస్తోందని నాట్యం మాష్టారు గారు గమనించి చెప్పారు. ఎక్స్‌రే తీయిస్తే పార్శ్వగూని, 34 డిగ్రీలు అన్నారు. బ్రేస్ (ఒంటి చుట్టూ బిగించే గట్టి పట్టీ) ఇచ్చారు కానీ మా ఎండల్లో, బడిలో పిల్ల దాన్ని భరించలేకపోయింది. రాత్రిళ్లు మాత్రమే వేసుకునేది. ఇప్పుడు 52 డిగ్రీలకు చేరింది. ఒక సర్జన్ గారు రాడ్లు, స్క్రూలు వేసి ఎముకలు కలిపేసే ఫ్యూజన్ చేయాలన్నారు. మరొకరు ఎముకలు కలపకుండా తాడు బిగించే టెథరింగ్ చేయవచ్చన్నారు. పిల్ల ఇంకా పెద్దమనిషి కాలేదు. కలపని ఆపరేషన్ కాబట్టి అదే చిన్నది, ప్రమాదం తక్కువది అని మా ఇంట్లో అందరూ అనుకుంటున్నాం. మేము అనుకుంటున్నది సరైనదేనా? పిల్ల మళ్లీ నాట్యం చేయగలదా? (ఒక తల్లి, తెనాలి)

జవాబు: అమ్మా, కలపని ఆపరేషన్ కాబట్టి ప్రమాదం తక్కువ అన్న మాట దగ్గరే ముందు ఆగుదాం. మీ నిర్ణయం ఆ మాట మీద నిలబడి ఉంటే అది మారాలి. టెథరింగ్‌లో గాయాలు చిన్నవి, వీపు మీద పొడవాటి మచ్చ ఉండదు, కదలిక కొంత మిగులుతుంది. ఇవన్నీ నిజమే. కానీ ఇంతవరకు వచ్చిన ఫలితాలను చూస్తే, రెండోసారి ఆపరేషన్ బల్ల ఎక్కవలసిన అవకాశం ఫ్యూజన్‌తో పోలిస్తే దీనిలో ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ సంగతి తెలిసి ఒప్పుకోవడం వేరు, తెలియక ఒప్పుకోవడం వేరు.

దానికన్నా ముందు ఇంకొక మాట. బ్రేస్ సరిగా వేయించలేకపోయామని మీరు కుమిలిపోతున్నట్టు ఉత్తరం చదివితే తెలుస్తోంది. బ్రేస్ పనిచేస్తుందన్నది నిజం. అమెరికా, కెనడాలలో 25 కేంద్రాలలో జరిగిన అధ్యయనం 2013లో వెలువడింది. బ్రేస్ వేసుకున్న పిల్లల్లో 72 శాతం మందికి వంపు 50 డిగ్రీలకు చేరకుండా ఎదుగుదల పూర్తయింది, వేసుకోని వారిలో ఆ మాట 48 శాతం మంది విషయంలోనే నిజమైంది. రోజుకు 13 గంటలకు తగ్గకుండా వేసుకున్న వారిలో ఫలితం ఇంకా మెరుగ్గా, 90 శాతం దాటి కనిపించింది. అయితే అదే లెక్క తిరగేసి చూడండి: బ్రేస్ అసలు వేసుకోకపోయినా సగం మందికి వంపు ఆగింది, వేసుకున్నా పావు వంతు మందికి పైగా ఆగలేదు. మీ పిల్ల ఏ వర్గంలో ఉండేదో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. బడి సంచీ బరువు వల్లో, కూర్చునే తీరు వల్లో, నాట్యం వల్లో ఈ జబ్బు రాలేదు. దయచేసి పిల్ల దగ్గర ఆ మాట ఎత్తకండి, బంధువులనూ ఎత్తనివ్వకండి.

ఇక 52 డిగ్రీల సంగతి. వంపు 50 దాటినప్పుడు, ఎదుగుదల ఆగిన తరువాత కూడా అది ఏడాదికి సుమారు ఒక డిగ్రీ చొప్పున పెరుగుతూ పోయే అవకాశం ఉందని దశాబ్దాల పరిశీలనలో తేలింది. మీ అమ్మాయికి ఎదుగుదల ఇంకా చాలా మిగిలి ఉంది. ఇలాంటి వయసులో 52 డిగ్రీలు ఊరికే ఉండిపోవు. కాబట్టి శస్త్రచికిత్స అవసరమని చెప్పిన ఇద్దరూ సరిగానే చెప్పారు. తేడా అల్లా ఏది అన్న దగ్గరే.

ఫ్యూజన్‌లో వీపు వైపు నుంచి వెళ్లి, వంపులో ఉన్న వెన్నుపూసలకు స్క్రూలు బిగించి, రెండు రాడ్లతో నిటారుగా నిలిపి, వాటి మధ్య ఎముక పొడి పేర్చి, అవన్నీ కలిసి ఒకే ఎముకగా అతుక్కునేలా చేస్తారు. అరవై ఏళ్లకు పైగా రూపు మార్చుకుంటూ వచ్చిన పద్ధతి ఇది. నరాలకు దెబ్బ తగిలే ప్రమాదం ఒక శాతం లోపే. చీము పట్టడం ఒకటి రెండు శాతం మందిలో జరుగుతుంది. ఛాతీ భాగంలో పూసలు పక్కటెముకలతో కట్టుకుని ఉంటాయి కనుక అక్కడ సహజంగానే కదలిక తక్కువ. ఆ భాగం కలిపేసినా మనిషి నడుము వంచగలడు, కూర్చోగలడు, పరుగెత్తగలడు. నడుము పూసల వరకు కలపవలసి వస్తే మాత్రం కోల్పోయేది ఎక్కువ. కిందకు వెళ్లేకొద్దీ మిగిలిన కీళ్ల మీద భారం పెరుగుతుంది. మీ ఉత్తరాన్ని బట్టి మీ అమ్మాయి వంపు కుడివైపు ఛాతీ భాగంలో ఉన్నట్టుంది. కింద ఎంతవరకు కలపాలో సర్జన్ గారిని అడగండి. నాట్యం చేసే పిల్లకు మొత్తం ఎన్ని పూసలు కలుపుతున్నారన్న దానికన్నా, అన్నిటికన్నా కింద కలిపే పూస ఏది అన్నది ముఖ్యం.

టెథరింగ్ మరొక ఆలోచన. ఎదిగే ఎముక మీద ఒత్తిడి పెరిగిన చోట ఎదుగుదల మందగిస్తుంది, ఒత్తిడి తగ్గిన చోట వేగం పుంజుకుంటుంది. ఇది 19వ శతాబ్దంలోనే హ్యూటర్, ఫోక్‌మన్ అనే ఇద్దరు జర్మన్ వైద్యులు గమనించిన సూత్రం. వంకర తిరిగిన వెన్నులో బయటి వైపు పూసలు పొడవుగా, లోపలి వైపు కురచగా పెరుగుతూ వంకర తనను తానే పెంచుకుంటుంది. టెథరింగ్‌లో ఛాతీ పక్క నుంచి చిన్న రంధ్రాలు చేసి, కెమెరా సాయంతో, వంపు బయటి వైపు పూసల్లో ఒక్కొక్క స్క్రూ వేసి, వాటన్నిటినీ ఒక ప్లాస్టిక్ తాడుతో కలిపి బిగిస్తారు. ఆ తాడు పాలిథిలీన్ టెరెఫ్తలేట్ అనే పదార్థంతో చేసింది, మనం తాగే నీళ్ల సీసాల ప్లాస్టిక్ కూడా ఆ జాతిదే. బిగించగానే వంపులో కొంత భాగం అక్కడికక్కడే తగ్గుతుంది. మిగిలినది పిల్ల ఎదుగుతున్న కొద్దీ తగ్గాలి, ఎందుకంటే తాడు ఉన్న వైపు ఎదుగుదల అణగి, అవతలి వైపు అందుకుంటుంది. 2010లో ప్రచురితమైన మొదటి కేసులో ఎనిమిదిన్నర ఏళ్ల బాలుడి 40 డిగ్రీల వంపు నాలుగేళ్లలో 6 డిగ్రీలకు వచ్చింది. ఆ ఒక్క ఎక్స్‌రే ఎంతమంది తల్లిదండ్రులకు ఆశ కలిగించిందో నేను కళ్లారా చూశాను.

గుర్తుంచుకోవలసింది ఏమిటంటే, ఈ పద్ధతిలో మందు తాడు కాదు, ఎదుగుదల. తాడు దానిని ఒక వైపుకు మళ్లిస్తుంది, అంతే. ఎదుగుదల మరీ ఎక్కువగా మిగిలి ఉన్న పిల్లలో తాడు చేయవలసిన దానికన్నా ఎక్కువ పని చేసి, వెన్ను అవతలి వైపుకు వంగిపోతుంది. అప్పుడు మళ్లీ లోపలికి వెళ్లి తాడు వదులు చేయాలి లేదా తీసేయాలి. ఎదుగుదల అయిపోవచ్చిన పిల్లలో తాడుకు మళ్లించడానికి ఏమీ దొరకదు, మొదటి రోజు తగ్గినంతే తగ్గుతుంది, ఆ భారమంతా మోస్తూ తాడు ఏదో ఒక రోజు తెగవచ్చు. అంటే ఇది సరిగ్గా పనిచేసే కిటికీ చాలా చిన్నది. దాన్ని పుట్టినరోజు లెక్కతో కొలవలేము. ఎడమ చేతి ఎక్స్‌రేలో వేళ్ల ఎముకల చివర్లు ఎంతవరకు మూసుకున్నాయో చూసి శాండర్స్ దశ చెబుతారు. తుంటి ఎముక పై అంచును చూసి రిస్సర్ దశ చెబుతారు. తుంటి గిన్నెలోని మృదులాస్థి ఇంకా తెరిచి ఉందా అన్నదీ చూస్తారు. పెద్దమనిషి కాని 12 ఏళ్ల పిల్ల ఈ కిటికీలో ఉండే అవకాశం ఉంది. ఆ చేతి ఎక్స్‌రే తీయకుండా మాత్రం ఎవరు అవునన్నా, కాదన్నా నమ్మకండి.

ఇప్పుడు ఫలితాల సంగతి. దాదాపు ఒకే వయసు, ఒకే స్థాయి వంపు ఉన్న పిల్లల్లో రెండు పద్ధతులనూ పక్కపక్కన పెట్టి చూసిన అమెరికా అధ్యయనం ఒకటి 2020లో వచ్చింది. అందులో 23 మందికి టెథరింగ్, 26 మందికి ఫ్యూజన్ జరిగింది, రెండు నుంచి ఐదేళ్ల వరకు గమనించారు. టెథరింగ్ వారిలో సగటు వంపు 53 డిగ్రీల నుంచి 33కు తగ్గింది. ఫ్యూజన్ వారిలో 54 నుంచి 16కు తగ్గింది. టెథరింగ్ జరిగిన 23 మందిలో 12 మందికి తాడు తెగిన ఆనవాళ్లు కనిపించాయి. వారి వర్గంలో 9 సార్లు మళ్లీ శస్త్రచికిత్స చేయవలసి వచ్చింది, ఫ్యూజన్ వర్గంలో ఒక్కటీ లేదు. తమ నొప్పి, తమ రూపం, తమ పనులు ఎలా ఉన్నాయని పిల్లలను అడిగినప్పుడు మాత్రం రెండు వర్గాలూ దాదాపు ఒకే రకంగా తృప్తి చెప్పాయి. 2021లో అనేక అధ్యయనాలను కలిపి లెక్కించిన సమీక్షలో కూడా ఇదే తీరు కనిపించింది: చిక్కులు టెథరింగ్‌లో 26 శాతం, ఫ్యూజన్‌లో 2 శాతం, మళ్లీ ఆపరేషన్ టెథరింగ్‌లో 14 శాతం, ఫ్యూజన్‌లో ఒక శాతం లోపు. చేయి తిరిగిన కేంద్రాలలో, పిల్లల ఎంపిక జాగ్రత్తగా జరిగిన చోట అంకెలు దీనికన్నా బాగున్నాయి. 57 మంది పిల్లలను గమనించిన మరొక అధ్యయనంలో సగటు వంపు 51 నుంచి 23కు తగ్గింది. కాబట్టి ఈ పద్ధతి పనికిరాదని నేను చెప్పడం లేదు. నలుగురిలో ముగ్గురికి ఫ్యూజన్ తప్పించే స్థితి తెచ్చిన పద్ధతిని తీసిపారేయడం న్యాయం కాదు. ఆ నాలుగోవారు మన పిల్లే అయితే ఏం చేస్తామన్నది ముందే ఆలోచించుకోమంటున్నాను.

ఆపరేషన్ గదిలోని ప్రమాదాలు కూడా రెంటిలో వేరువేరు. టెథరింగ్‌లో ఛాతీలోకి వెళ్లాలి కనుక ఒక వైపు ఊపిరితిత్తిని కాసేపు గాలి తీసి ముడుచుకునేలా చేస్తారు. తరువాత అది పూర్తిగా విచ్చుకోకపోవడం, ఛాతీలో గాలి లేదా నీరు చేరడం, అరుదుగా శోషరసం కారడం వంటివి జరగవచ్చు. అందుకే కొన్ని రోజులు ఛాతీలో గొట్టం ఉంచుతారు. స్క్రూ పూసలో ఈ వైపు నుంచి ఆ వైపు దాకా వెళ్తుంది. కుడివైపు నుంచి వేసినప్పుడు ఎడమవైపున బృహద్ధమని ఉంటుంది, స్క్రూ మొన దాని దగ్గరకు పొడుచుకురాకూడదు. ఇందుకు సర్జన్ చేయి ఎంత ముఖ్యమో, పిల్లలకు ఒక ఊపిరితిత్తితో మత్తు ఇవ్వగల అనస్థీషియా వైద్యుల అనుభవమూ అంతే ముఖ్యం. వెన్నుపాముకు దెబ్బ తగిలే ప్రమాదం రెండు పద్ధతుల్లోనూ అరుదే. రెంటిలోనూ ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ నరాల సంకేతాలను యంత్రంతో గమనిస్తూ ఉండాలి. ఆ యంత్రం లేని చోట ఏ వెన్ను వంకర ఆపరేషనూ చేయించవద్దు. దీని గురించి నాకు రెండో అభిప్రాయం లేదు.

నాట్యం గురించి అడిగారు. టెథరింగ్ తరువాత కదలిక మిగులుతుందన్న మాటకు ఆధారాలు ఉన్నాయి, అయితే ఆ లాభం నడుము భాగంలో ఎక్కువ, ఛాతీ భాగంలో తక్కువ. మీ అమ్మాయి వంపు ఛాతీ భాగానిదే అయితే, ఛాతీ వరకే చేసిన ఫ్యూజన్ తరువాత కూడా అడుగులు, అరమండి, చేతుల అభినయం ఆమెకు అందుబాటులోనే ఉంటాయి. నడుము మీద విరిచే భంగిమల్లో, వెనక్కి వంగడంలో తేడా తెలుస్తుంది. తొందరపడి తిరిగి అరంగేట్రం తేదీ పెట్టుకోకండి. ఫ్యూజన్‌లో ఎముక అతుక్కోవడానికి నెలలు పడుతుంది, టెథరింగ్‌లో తిరిగి ఆటపాటలకు పంపడం సాధారణంగా దానికన్నా ముందే జరుగుతుంది. ఎప్పుడన్నది ఆపరేషన్ చేసినవారే చెప్పాలి.

మీరు సర్జన్ గారి దగ్గరకు మళ్లీ వెళ్లినప్పుడు అడగవలసినవి ఇవి. పిల్ల శాండర్స్ దశ ఎంత? పక్కకు వంచి తీసిన ఎక్స్‌రేలో వంపు ఎంతవరకు తగ్గుతోంది? అది 30 డిగ్రీల దగ్గరకు రాకపోతే తాడుకు లొంగే వెన్ను కాదని అర్థం. పక్క నుంచి తీసిన ఎక్స్‌రేలో వీపు ముందుకు వంగిన గూని ఎక్కువగా ఉందా? ముందువైపు బిగించే తాడు దాన్ని ఇంకా పెంచవచ్చు కనుక, 40 డిగ్రీలు దాటిన గూని ఉన్నవారికి ఇది సాధారణంగా తగదు. ఏడాదిలో 18 డిగ్రీలు పెరిగింది కనుక వెన్నుపాములో మరే కారణమూ లేదని ఎంఆర్ఐతో నిర్ధారించారా? అన్నిటికీ మించి, తమ చేతుల మీదుగా ఇంతవరకు ఎంతమందికి టెథరింగ్ చేశారు, వారిలో రెండేళ్లు దాటిన వారెందరు, మళ్లీ ఆపరేషన్ అవసరమైన వారెందరు? మన దేశంలో ఈ ఆపరేషన్ చేసేవారు కొద్దిమందే ఉన్నారు. అడిగితే నొచ్చుకుంటారేమోనని మొహమాటపడకండి. బాగా చేసేవారి దగ్గర ఆ లెక్క ఉంటుంది.

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటాం. మా అబ్బాయికి 11వ ఏట టెథరింగ్ చేయించాము, ఇప్పుడు 14. అప్పుడు వంపు 48 డిగ్రీలు ఉండేది, ఏడాదిన్నరకు 22కు వచ్చింది. ఈ మధ్య ఎక్స్‌రేలో 31 ఉంది, కింద రెండు స్క్రూల మధ్య తాడు తెగినట్టుంది అన్నారు. వాడికి నొప్పి లేదు, క్రికెట్ ఆడుతున్నాడు. ఆపరేషన్‌కు ముందు ఎఫ్‌డీఏ (అమెరికాలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే సంస్థ) ఆమోదం ఉన్న పరికరమేనని చెప్పారు. అలాంటిది తెగడమేమిటి? వెంటనే మళ్లీ కోయాలా? (తల్లిదండ్రులు, టెక్సస్)

జవాబు: వెంటనే కోయనక్కర లేదు. ముందు ఆ భయం తగ్గించుకోండి. తాడు తెగడం అత్యవసర స్థితి కాదు, తెగిన కొస లోపల ఏ అవయవాన్నీ గుచ్చదు. తాడు ప్లాస్టిక్ కనుక ఎక్స్‌రేలో కనిపించదు. పక్కపక్కన ఉన్న రెండు స్క్రూల మధ్య కోణం ముందు ఎక్స్‌రే కన్నా 5 డిగ్రీలకు మించి తెరుచుకుంటే అక్కడ తెగిందని ఊహిస్తారు. కాబట్టి మీ వైద్యులు చెప్పింది కూడా ఒక అనుమానమే, కాకపోతే బలమైన అనుమానం. ఇలా తెగడం ఎక్కువగా రెండేళ్లు దాటాక, అందులోనూ ఛాతీ, నడుము కలిసే చోట, నడుము భాగంలో కనిపిస్తుంది, ఎందుకంటే రోజూ వంగి లేచే భారం అక్కడే ఎక్కువ.

ఆమోదం గురించి మీరు అడిగినది న్యాయమైన ప్రశ్న. ఆ పరికరానికి 2019 ఆగస్టులో ఎఫ్‌డీఏ ఇచ్చినది మామూలు ఆమోదం కాదు, మానవతా మినహాయింపు కింద ఇచ్చినది. అమెరికాలో ఏడాదికి 8,000 మందికి మించి రాని స్థితులకు మాత్రమే ఆ దారి ఉంది. దాని కింద పరికరం పనిచేస్తుందని పూర్తిగా నిరూపించనక్కర లేదు, మేలు జరిగే అవకాశం ప్రమాదాన్ని మించి ఉందని చూపితే చాలు. వాడే ఆసుపత్రిలోని నైతిక పరిశీలన మండలి కూడా అనుమతి ఇవ్వాలి. ఎదుగుదల మిగిలి ఉండి, వంపు 30 నుంచి 65 డిగ్రీల మధ్య ఉండి, బ్రేస్‌తో ఫలితం రాని లేదా బ్రేస్ భరించలేని పిల్లలకు అని ఆ అనుమతిలోనే హద్దు గీశారు. దానికి ఆధారం 57 మంది పిల్లల వివరాలు. రెండేళ్ల దగ్గర కొలిచిన 44 మందిలో 43 మందికి వంపు 40 డిగ్రీలకు మించలేదు. ఎంతో బాగున్న ఫలితమే, కానీ అది రెండేళ్ల దగ్గర ఆగిన ఫలితం, తాళ్లు తెగడం ఎక్కువగా కనబడేది ఆ తరువాత. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2022లో అప్పటివరకు ఉన్న ఆధారాలు చూసి, పరిశోధనలో భాగంగా మాత్రమే ఈ ఆపరేషన్ చేయాలని చెప్పింది. రెండు దేశాలు రెండు రకాలుగా నిర్ణయించాయి. మీకు ఎవరూ అబద్ధం చెప్పలేదు, చెప్పవలసినంత విడమరిచి చెప్పినట్టు మాత్రం లేదు.

ఇక మీ అబ్బాయి సంగతి. తెగిన ప్రతి తాడునూ మార్చరు. తెగే సమయానికి ఎదుగుదల ద్వారా జరగవలసిన మేలు జరిగిపోయి ఉంటే, వంపు 31 దగ్గరే నిలకడగా ఉంటే, ఏమీ చేయకుండా గమనిస్తారు. అబ్బాయిల్లో ఎదుగుదల అమ్మాయిల కన్నా ఆలస్యంగా ముగుస్తుంది; 14 ఏళ్లకు కొందరికి ఇంకా చాలా మిగిలి ఉంటుంది, అదే ఇక్కడ నాకు ఆందోళన కలిగించే విషయం. చేతి ఎక్స్‌రే తీయించి ఎంత మిగిలి ఉందో తెలుసుకోండి. ఎక్కువ మిగిలి ఉంటే, నాలుగు నుంచి ఆరు నెలల్లో మళ్లీ తీసిన ఎక్స్‌రేలో వంపు 40 వైపు నడుస్తుంటే, తాడు మార్చడమా, ఫ్యూజన్‌కు వెళ్లడమా అన్నది మాట్లాడుకోవాలి. ఫ్యూజన్‌కు వెళ్లవలసి వచ్చినా వీపు వైపు నుంచి చేస్తారు, ముందు వేసిన స్క్రూలను చాలాసార్లు అలాగే వదిలేయవచ్చు. అంతవరకు క్రికెట్ ఆపమని నేనైతే చెప్పను. ఒక్కటి మాత్రం చేయండి: ఊపిరి అందకపోవడం, కాళ్లలో తిమ్మిరి, కొత్తగా నొప్పి వంటివి ఉంటే తరువాతి అపాయింట్‌మెంట్ వరకు ఆగకుండా చూపించండి.

ప్రశ్న: మా అమ్మాయికి 17 ఏళ్లు, ఇంటర్ రెండో సంవత్సరం. పెద్దమనిషి అయ్యి ఐదేళ్లయింది. ఎక్స్‌రేలో 44 డిగ్రీల వంపు అన్నారు, రెండేళ్ల కిందట తీసినప్పుడు 43. కోత లేకుండా తాడు వేసి సరిచేస్తారని వీడియోల్లో చూసి టెథరింగ్ చేయించమని పట్టుబడుతోంది. మాకేమో రేపు పెళ్లి, పిల్లలు అన్నప్పుడు ఇబ్బంది అవుతుందేమోనని దిగులు. ఏం చేయమంటారు? (ఒక తండ్రి, వరంగల్)

జవాబు: మీ అమ్మాయికి టెథరింగ్ తగిన ఆపరేషన్ కాదు. ఆమె ఎదుగుదల పూర్తయింది. పై జవాబులో చెప్పినట్టు అది ఎదుగుదలను మళ్లించే పద్ధతి, మళ్లించడానికి ఇక్కడ ఏమీ మిగల్లేదు. ఎదుగుదల ముగిసిన వారికి కూడా కొన్నిచోట్ల ఒకటికి రెండు తాళ్లు బిగించి చేస్తున్నారు, మీ అమ్మాయి చూసిన వీడియోలు అలాంటివి కావచ్చు. అది ఇందాక చెప్పిన ఎఫ్‌డీఏ హద్దు బయట జరిగే పని, అక్కడ తాడు జీవితాంతం ఒంటరిగా భారం మోయాలి. కోత లేకుండా అన్న మాట కూడా సరికాదు; ఛాతీ పక్కన కోతలు ఉంటాయి, ఊపిరితిత్తిని ముడిచి చేసే పెద్ద ఆపరేషనే అది.

ఆపరేషన్ అసలు అవసరమా అన్నది తరువాతి ప్రశ్న. రెండేళ్లలో ఒక్క డిగ్రీ మార్పు ఎక్స్‌రే కొలతలో సహజంగా వచ్చే తేడా లోపలిదే, అంటే వంపు ఆగి ఉంది. ఎదుగుదల పూర్తయ్యాక 44 డిగ్రీల దగ్గర నిలిచిన వంపును చాలామంది వైద్యులు గమనిస్తూ ఉండమనే చెబుతారు. నేనూ అదే చెబుతాను.

పెళ్లి, పిల్లల గురించి మీ దిగులు నాకు అర్థమవుతుంది, ఆడపిల్ల తండ్రులు ఈ మాట గొంతు తగ్గించి అడుగుతుంటారు. అమెరికాలోని అయోవాలో ఏ చికిత్సా తీసుకోని 117 మంది పార్శ్వగూని వ్యక్తులను యాభై ఏళ్ల తరువాత మళ్లీ కలిసి పరిశీలించారు, ఆ వివరాలు 2003లో వచ్చాయి. వారిలో దీర్ఘకాలపు నడుము నొప్పి 61 శాతం మందికి ఉంది, వంపు లేని వారిలో 35 శాతం మందికి ఉంది. రోజువారీ పనులు చేసుకోవడంలో, పెళ్లిళ్లు, పిల్లల విషయంలో వారు మిగతా వారికి తీసిపోలేదు. ఆయుష్షూ తగ్గలేదు. ఊపిరి ఆడకపోవడం అన్నది వంపు 80 డిగ్రీలు దాటిన వారిలో ముఖ్యంగా కనిపించిన సమస్య, మీ అమ్మాయి దానికి సగం దూరంలో ఉంది. గర్భం ధరించడానికి, బిడ్డను మోయడానికి ఈ వంపు అడ్డు కాదు. కాన్పు సమయంలో వీపులో మత్తు సూది వేయవలసి వస్తే అనస్థీషియా వైద్యులకు ముందుగా ఎక్స్‌రే చూపించాలి, అంతవరకే జాగ్రత్త.

అయినా మీ అమ్మాయి మాటను పక్కన పెట్టేయకండి. పదిహేడేళ్ల పిల్ల ఆపరేషన్ కోసం పట్టుబడుతోందంటే, అద్దంలో తన భుజాలు, నడుము చూసుకున్నప్పుడు తాను పడే బాధ ఏదో ఉంది. అది చిన్న విషయం కాదు. మీరు గది బయట ఉండి, ఆమెను వెన్నెముక వైద్యుల దగ్గర ఒంటరిగా మాట్లాడనివ్వండి. రూపం కోసమే సరిచేయించుకోవాలన్నది ఆమె నిశ్చయమైతే, అందుకు లాభనష్టాలు బాగా తెలిసిన పద్ధతి ఫ్యూజన్. దానికి తొందరేమీ లేదు, ఇంటర్ పరీక్షలు ముగిశాక, ఇరవై ఏళ్లు దాటాక కూడా చేయించుకోవచ్చు. ఈలోగా ఏడాదికి ఒక ఎక్స్‌రే, వీలైతే అదే కేంద్రంలో నిలబెట్టి తీయించి, పాత ఫిల్ములన్నీ ఒకచోట భద్రపరచండి.